నల్లబండల మీద తడిపాదాలు

మా వంశంలో మాకు తెలిసిన మొదటివాడు బసిరెడ్డి. కర్నూలు నవాబుల దర్బారులో చెప్పులు విడవకుండా నిలబడే హక్కు ఆయనకు ఉండేది. ఆయన మనవడు ఓబుళరెడ్డి మా జేజినాయన, మా నాయనకు నాయన. కమలాపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆయన వీధిలో నడుస్తుంటే అరుగుల మీద ఉన్నవాళ్ళు లేచేవారు, ఆయన మలుపు తిరిగేదాకా మళ్ళీ కూర్చునేవారు కాదు. మా నాయన గంగిరెడ్డి జిల్లా బోర్డు మెంబరు. కలెక్టరు క్యాంపుకు వస్తే ఎదురుపోయేది మా గుర్రబ్బండే.

గొప్పలకు చెప్పడం లేదు. వీళ్ళు ఎట్లా నిలబడేవారో చెప్పాలి, అందుకు వీళ్ళెవరో తెలియాలి.

మా ఇంటి మగవాళ్ళు ఎవరికీ ఎదురు రొమ్ము ఇచ్చి నిలబడరు. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక్కి, కుడిపాదం బయటికి తిరిగి ఉంటుంది. ఒక భుజం మాత్రమే ఎదుటివాడికి కనిపిస్తుంది. కర్రసాములో అది మొదటి పాఠం. మా ఇంట్లో మూడు తరాలకు ఆ పాఠం చెప్పినవాడు ఖాసిం తాత. ఎదురుగా ఉన్న మనిషికి దెబ్బ వేయడానికి ఎంత తక్కువ చోటు దొరికితే అంత మంచిదని ఆయన లెక్క. సాము మానేసినా కాళ్ళు మానవు. కడప నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు "రెడ్డిగారూ, కొంచెం ఇటు తిరగండి" అని మా నాయనను బతిమాలుకున్నాడు. నాయన తిరగలేదు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో ఆయన ఎవరో పక్కనుంచి వస్తారని చూస్తున్నట్లు ఉంటాడు. వచ్చారు కూడా.

ఆ ఇంట్లో ఎదురుగా తిరిగి నిలబడినవాడు ఒక్కడే. మా చిన్నాయన, నాయనకు తమ్ముడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఆ పేరు ఏ బిడ్డకూ పెట్టలేదు.

మొన్న డోన్ జంక్షన్లో బండి మారడానికి దిగాను. స్టేషను పక్కన రైల్వే వాళ్ళ ఆటస్థలంలో కొందరు యువకులు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. నేను అటు చూడకుండానే పోయేవాణ్ణి. ఒకడు పరుగెత్తుతూ వచ్చి బాలు అందుకున్నాడు. ఎడమ మడమ నేలకు తాకింది, వెంటనే కుడికాలు వచ్చి పక్కన ఆగింది, రెండు పాదాల వేళ్ళూ రింగు వైపే. మోకాళ్ళు కొంచెం వంగాయి. కాళ్ళు నిలిచినాక, ఆమీదే చేతులు లేచాయి. నా చేతిలోని సంచి కింద పెట్టేశాను.

ఆట ఆగినాక దగ్గరికి పిలిచి అడిగాను. "ఎవరు నేర్పినారప్పా నీకు కాళ్ళు అట్ల పెట్టేది?"

"మా సారు నేర్పినాడు సార్."

"మీ సారుకు ఎవరు నేర్పినారంట?"

"కడపలో ఎవరో బుట్టల రెడ్డి అంట సార్. శానా పాతమనిషి. ఇప్పుడు ఉండాడో లేడో."

లేడని నేను చెప్పలేదు.

బుట్టల రెడ్డి. మా చిన్నాయనకు ఆ పేరు పెట్టింది మా పెదనాయనే, మా నాయనకు పెద్దతండ్రి కొడుకు. చిన్నాయన మద్రాసులో చదివి, ఈ ఆట నేర్చుకుని, కడపలో ఒక కాలేజీలో ఆటల మాస్టరుగా చేరినాడు. మా ఇంటి మగవాడు ఒకరి కింద జీతానికి చేరడం అదే మొదలు. పెదనాయన నలుగురి ముందు అడిగినాడు: "ఏందిరా, బుట్టలో బాలు ఏసేదానికి జీతమిస్తారా? మన గంపలల్లే వాళ్ళకు తెలిస్తే నీ మింద పడతారు, సూసుకో." అందరూ నవ్వినారు. చిన్నాయన కూడా నవ్వినాడు, పెదనాయనకు పూర్తిగా ఎదురుగా తిరిగి. ఆ నవ్వు కన్నా ఆ తిరగడమే పెదనాయనకు నచ్చలేదు.

ఎవరు పిలిచినా చిన్నాయన అట్లాగే తిరిగేవాడు. నడుస్తూ ఉంటాడు, వెనకనుంచి ఎవరో పిలుస్తారు. ఎడమకాలు ఆగుతుంది, కుడికాలు దాని పక్కకు వస్తుంది, మనిషి మొత్తం పిలిచినవాడి వైపు తిరిగి ఉంటాడు. గొర్రెల కాపరి పిలిచినా అంతే, తహసీల్దారు పిలిచినా అంతే. ఆయన్ను కన్న మా జేజికి అది చూస్తే భయం. "అట్ల రొమ్మిచ్చి నిలబడగాకు నాయనా" అనేది. "అలవాటైపోయిందిమ్మా" అనేవాడు. మా ఇంట్లో అలవాటు అనే మాట ఇంకోరకం కాళ్ళకు చెల్లేది.

సెలవులకు వచ్చినప్పుడు ఆయన మా కళ్ళంలో ఒక ఇనుప స్తంభం పాతించి రింగు కట్టించినాడు. కళ్ళం మట్టినేల. ఆ మట్టి మీద బాలు లేవదని మొత్తం నల్లబండలు పరిపించినాడు. అంతకుముందు అక్కడ జొన్నలు తూర్పారబట్టేవాళ్ళు. మా పాలేర్లు ఆ బండల పక్కన నిలబడి "ఇంక పంట యాడ నూర్చాల సామీ?" అని అడిగినారు. ఎండాకాలంలో ఆ బండలు కాలిపోయేవి. అందుకని పొద్దున్నే, ఎండ ఎక్కకముందే ఆట.

ఆయన నేర్పే పద్ధతి ఒకటుంది, అది ఇంకెక్కడా చూడలేదు. కళ్ళం అంచున బక్కెట్టులో నీళ్ళు పెట్టించేవాడు. చెప్పులు విడిచి, పాదాలు అందులో ముంచి, పరుగెత్తి బాలు అందుకుని ఆగాలి. ఆగినచోట నల్లబండ మీద తడి పాదాలు పడతాయి. బాలు రింగులో పడిందా లేదా అని ఆయన చూసేవాడు కాదు. వచ్చి ఆ తడి గుర్తుల పక్కన గొంతుక్కూర్చుని, అవి ఆరిపోయేలోగా చదివేవాడు.

"బాలు గాల్లో ఉండంగానే కాళ్ళు పని మొదలుపెట్టాల. చేతికి వచ్చినాంక సర్దుకుంటే ఆలస్యమే. ఇదిగో, ఎడమ మడమ బాగుండాది. కుడికాలు యాడ పెట్టినావు? సూడు, వేళ్ళు గోడకల్లా ఉండాయి. నువ్వు కొట్టేది గోడనా, రింగునా?"

నేను బాలు విసిరితే అది ఎప్పుడూ రింగు పక్క అంచుకు తగిలి బయటపడేది. చేతిది తప్పనుకునేవాణ్ణి. ఆయన నా తడి గుర్తుల మీద వేలు పెట్టి చూపించేవాడు. వెనక్కి జరిగి, బయటికి తిరిగిన కుడిపాదం.

"ఇది నీ కాలు కాదు అబ్బీ. ఇది మీ జేజినాయనది."

గుర్తు ఆరిపోయేది. మళ్ళీ కాళ్ళు ముంచి పరుగెత్తేవాణ్ణి.

ఖాసిం తాత విరిగిన బండిచక్రం మీద కూర్చుని ఇదంతా చూస్తుండేవాడు. తన పాఠం తన కళ్ళ ముందే చెరిపేస్తుంటే ఆయనకు ఎట్లా ఉండేదో. కోపం మాత్రం చూపేవాడు కాదు. "ఏందప్పా చిన్నరెడ్డీ, ఆ ఇనుపకడ్డీకి సలాం కొడతాండావా, అంత నిటారుగా నిలబడి?" అని ఒకరోజు చిన్నాయనను అడిగినాడు.

"సలాం కాదు తాతా. దానికి నామింద కోపం లేదు, అందుకని ఎదురుగా నిలబడినా."

"మంచిది బేటా. కోపమున్నోళ్ళ కాడ మాత్రం నా మాట మరిచిపోగాకు."

"వాళ్ళ కాడే మరిచిపోవాలనుకుంటాండా."

ఖాసిం తాత నవ్వలేదు. చేతికర్రతో మట్టిలో ఏదో గీస్తూ కూర్చున్నాడు.

మద్రాసు సంగతి చిన్నాయన నాకు ఒక్కసారే చెప్పినాడు. అక్కడ మొదటి ఏడు ఆయన కూడా పక్కకు తిరిగే బాలు కొట్టేవాడట. నేర్పే ఆయన చూసి చూసి ఒకరోజు ఆట ఆపి, "ఎవరికి భయపడుతున్నావు?" అని అడిగినాడట.

"నువ్వేం చెప్పినావు చిన్నాయనా?"

"ఏం చెప్పేది? శానా పేర్లుండాయి. యే పేరు చెప్పాల?" అని పకపకా నవ్వినాడు. కొంచెంసేపటికి నవ్వు ఆపి, "ఆ పొద్దు నుంచి తిరిగి నిలబడినా. మొదట్లో రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి రా. దారిన పోయే ఎవడన్నా పొడుస్తాడని" అన్నాడు.

ఆ పేర్లు నాకూ తెలుసు. మా ఊళ్ళో ఎగువింటివాళ్ళు, మేము. ఊరి బయటి వాగును మేము వంక అంటాం. ఆ వంక పక్కనున్న పొలం ఎవరిదనే తగువు మా జేజినాయన నాటిది. ఆ కక్షలో వాళ్ళ మనుషులు ఇద్దరు పోయినారు. మా నాయన ఒక సంతరోజు సాయంత్రం ఆ వంక దాటుతూ వాళ్ళ చేతిలో పోయినాడు. ఆమీద చిన్నాయన కాలేజీ ఉద్యోగం వదలకుండానే ఇంటి భారం నెత్తికెత్తుకున్నాడు. మనుషులను నడిపించేది మాత్రం పెదనాయన. కర్రలు పట్టుకుని మా వెంట వచ్చేవాళ్ళు పెదనాయన కన్నుసన్నల్లో నడిచేవాళ్ళు. కక్ష ఉన్నంతకాలం మా ఇంట్లో ఆయనదే చెల్లుబాటు.

నేనప్పుడు కడపలోనే చదువుతూ చిన్నాయన జట్టులో ఆడుతున్నాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఊరంతా డేరాలు, జీపులు, ఎక్కడ చూసినా కొత్త మనుషులు. అక్కడ కాలేజీల మధ్య పోటీలు పెట్టారు. మా జట్టుతో పాటు పెదనాయన కూడా వచ్చినాడు, ఇద్దరు మనుషులతో. ఆట చూడడానికని చెప్పినాడు. వాళ్ళు కప్పుకున్న దుప్పట్లు తీయకుండా ఆ ఎండలో కూర్చున్నారు.

చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. బాలు నాకు అందింది. ఎదురుగా ఎవరూ లేరు. ఎడమకాలు బాగానే ఆగింది. అప్పుడు రింగు కింద, గీత అవతల, జనంలో ఒక మనిషిని చూశాను. ఎగువింటి పెద్దాయన. మా నాయన పోయినాక ఆయన్ను అంత దగ్గరగా చూడడం అదే. నాకు తెలియకుండానే కుడికాలు వెనక్కి పోయింది. బాలు పక్క అంచుకు తగిలి బయటపడింది. ఓడిపోయాం.

చిన్నాయన వచ్చి నా ఎదురుగా నిలబడినాడు. "కాళ్ళు యాడ పెట్టినావు?"

"ఎగువింటాయన వచ్చినాడు చిన్నాయనా. ఆడ ఉండాడు."

"చూసినా. ఆయన్ను చూసి కాలు తిప్పినావా?"

నేను నా కుడిపాదం చూసుకున్నాను.

"రింగు ఆయన చేతిలో లేదు కదరా" అన్నాడు, మెల్లగా. తువ్వాలు నా భుజం మీద వేసి, నేరుగా గీత దాటి ఆయన దగ్గరికి నడిచినాడు. నేను వెంట పోయాను. వెనక పెదనాయన మనుషులు లేచిన చప్పుడు విన్నాను. ఎగువింటాయన చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు తువ్వాళ్ళ కిందికి పోయినాయి. ఆ జనంలో మా చుట్టూ ఉన్న కొందరే అది గమనించారు. మిగతావాళ్ళు సోడా తాగుతూ, గెలిచిన జట్టును మోస్తూ ఉన్నారు.

చిన్నాయన ఆయన ముందు ఆగినాడు. ఎడమ, కుడి. రెండు పాదాలూ జంటగా, రొమ్ము ఆయన వైపు.

ఎగువింటాయన ఆయన్ను కిందినుంచి పైకి చూసినాడు. "ఏం బుట్టల రెడ్డీ, మీవాడు పక్కకు తిరిగి కొడతాండాడే?"

"మీ చలవే అప్పా. మిమ్మల్ని చూసి తిరిగినాడు."

ఆయన నవ్వినాడు. నవ్వు మధ్యలో ఆగింది. "మరి నువ్వు తిరగలేదే?"

"నేను మానుకున్నా. మీరూ మానుకుంటే మాట్లాడుకుందాం. ఆ వంక పక్క పొలం మాకొద్దు. మా అన్న పేరు, మీ వాళ్ళ పేర్లు ఆ పొలానికి చాలు. ఇంకొకరి పేరు ఎక్కనివ్వద్దు."

 ఎగువింటాయన తన మనుషుల వైపు చూడకుండానే చెయ్యి ఊపినాడు. తువ్వాళ్ళ కింది చేతులు బయటికి వచ్చినాయి. "వంక కాడికే రా, ఒక పొద్దున. ఒక్కడివే రా. నేనూ ఒక్కణ్ణే వస్తా. నలుగుర్లో మాట్లాడితే మనోళ్ళే మాట్లాడనియ్యరు" అన్నాడు.

వెనక్కి తిరిగితే పెదనాయన మా వెనకే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.  తిరుగు ప్రయాణంలో ఆయన బండిలో మా ఎదురుగా కూర్చుని చిన్నాయన పాదాల వైపే చూస్తూ ఉన్నాడు.

వంక దగ్గరికి పోవాల్సిన పొద్దున చిన్నాయన నన్ను రావద్దన్నాడు. "ఒక్కణ్ణే వస్తానని చెప్పినా" అన్నాడు. జేజి గడపలో అడ్డం కూర్చుంది. "ఖాసింను పిలుచుకొని పో నాయనా, దూరంగానన్నా ఉంటాడు." ఆయన వంగి ఆమె పాదాలు ముట్టుకుని, పక్కనుంచి తప్పుకుని పోయినాడు. చెప్పులు వేసుకోలేదు. వంకలో రాత్రి వచ్చిన నీళ్ళు ఇంకిపోయి ఇసుక తడిగా ఉందని పాలేరు చెప్పినాడు.

ఎగువింటివాళ్ళ మనిషి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి మాకు చెప్పినాడు. తమ పెద్దాయన వంక దగ్గరికి వచ్చేసరికే అంతా అయిపోయిందని, చిన్నాయన శవం దగ్గరే పెద్దాయన కూర్చుని ఉన్నాడని. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. పెదనాయన అందరికన్నా ముందు గట్టిగా అరిచినాడు: "పిలిపించి చంపినారు నా తమ్ముణ్ణి!"

శవం గురించి రాయను. నేను చూసింది ఇసుకను.

చిన్నాయన నా చేత ఎన్నో పొద్దులు తడిగుర్తులు చదివించినాడు. చదవకుండా ఉండడం నాకు చేతకాలేదు. ఆయన అడుగులు వంకలోకి దిగి, నిదానంగా ముందుకు పోయినాయి. ఒకచోట ఆగినాయి. ఎడమకాలు, దాని పక్కన కుడికాలు, రెండూ వచ్చిన దారివైపు తిరిగి ఉన్నాయి. వెనకనుంచి ఎవరో పిలిచినారు. గొంతు తెలిసినది కాబట్టి ఆయన నిదానంగా, పూర్తిగా తిరిగినాడు. ఆ పాదాలు అక్కడి నుంచి కదలలేదు. పారిపోయిన గుర్తు లేదు.

ఆయనకు ఎదురుగా ఇంకో రెండు జతల కాళ్ళ గుర్తులు ఉన్నాయి. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక, కుడిపాదం బయటికి తిరిగి, ఇసుకలో లోతుగా దిగి ఉంది. ఎగువింటివాళ్ళకు కర్రసాము లేదు. వాళ్ళు గుంపుగా మీదపడే మనుషులు, వాళ్ళ కాళ్ళకు పాఠం లేదు. ఆ పాఠం జిల్లాలో మా ఒక్క ఇంట్లోనే, మాకూ మా వెంట తిరిగే మనుషులకూ, చెప్పేవారు.

తల ఎత్తేసరికి ఖాసిం తాత నా పక్కన ఉన్నాడు. ఆయనా వాటినే చూస్తున్నాడు. పోలీసులు ఇంకా రాలేదు. ఆయన ఒక్కసారి చుట్టూ చూసి, కుడికాలు చాచి, ఆ రెండు జతల గుర్తుల మీద ఇసుక అటూ ఇటూ తోసేసినాడు. చిన్నాయన పాదాల దగ్గరికి వచ్చేసరికి ఆయన కాలు ఆగిపోయింది. వాటిని అట్లాగే వదిలేసినాడు.

"ఏం సూసినావు అబ్బీ?" అన్నాడు, నా మొహం చూడకుండా.

"నీ పాఠం చూసినా తాతా."

ఆయన ఆ తడి ఇసుకలోనే కూలబడినాడు. ఆ తర్వాత ఆయన కర్ర పట్టుకోగా నేను చూడలేదు.

పోలీసులు ఎగువింటివాళ్ళను తీసుకుపోయి, సాక్ష్యం లేక వదిలిపెట్టారు. నేను పోలీసులతో మాట్లాడలేదు. మా ఇంటి మాట ఠాణాలో చెప్పడం మా ఇంట్లో లేదు. చెప్పాల్సిన చోటు ఇంకొకటి ఉంది.

పెద్దదినం, పెద్దకర్మ రోజు, పాగా చుట్టే ఆచారం మాది. పోయినవాడి తర్వాత ఇంటికి పెద్ద ఎవరో వాడికి, నలుగురి ముందు, పెద్దవాళ్ళు పాగా చుట్టి, ఇంటి కర్ర చేతికిస్తారు. పందిరి కళ్ళంలో వేశారు. వచ్చినవాళ్ళంతా నల్లబండల మీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. నేను తలస్నానం చేసి, తడి కాళ్ళతో వచ్చాను. పెదనాయన పాగా చుట్టినాడు.  ఆమీద కర్ర నా చేతికిచ్చి అందరికీ వినబడేలా అన్నాడు:

"నిలబడు అబ్బీ. మనింటి మగోడు నిలబడినట్ల నిలబడు. మీ చిన్నాయన బాకీ నీ మింద ఉండాది."

నేను కర్ర తీసుకుని కింద పెట్టాను. ఆయన వైపు ఒక్క అడుగు వేశాను. ఎడమకాలు ఆగింది. కుడికాలు దాని పక్కకు వచ్చింది. రెండు పాదాలూ జంటగా, రొమ్ము ఆయనకు ఎదురుగా. నా కాళ్ళు మొదటిసారి సరిగ్గా పడినాయి.

పెదనాయన మొహం మారింది. "ఏందిరా అది? ఎవరు నేర్పినార్రా నీకు అట్ల నిలబడేది?"

"వంకలో మీకెదురుగా ఎట్ల నిలబడినాడో, అట్లనే నిలబడినా పెదనాయనా."

 ఆయన మనుషులు ఇద్దరూ పందిరి గుంజల దగ్గర ఎడమకాలు ముందు పెట్టి నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళల్లో కొందరు ముందు నా పాదాలను, ఆమీద వాళ్ళ పాదాలను చూశారు. పెదనాయన నా కళ్ళల్లోకి చూడలేకపోయినాడు. నా కాళ్ళ దగ్గర తడి గుర్తులను, అవి అంచుల నుంచి ఆరిపోతుంటే, చూస్తూ నిలబడినాడు. నేను కదలలేదు. ఆ క్షణంలో ఆయన చెయ్యి లేచి ఉంటే దానికి అడ్డం ఏమీ లేదు. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఆయన భోజనం చేయకుండా లేచి పోయినాడు. ఆయన వెంట ఆయన మనుషులందరూ పోయినారు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

వంక పక్క పొలం చిన్నాయన చెప్పినట్లే ఎగువింటివాళ్ళకు వదిలేశాను. ఆ తర్వాత మా ఊళ్ళో ఆ తగువు మీద ఎవరి ప్రాణమూ పోలేదు. కర్రలు పట్టే మనుషులు లేని ఇల్లని తెలిసినాక కౌలుదార్లు గింజ కొలవడం మానేసినారు. మా జేజినాయన నడిచిన వీధిలో నన్ను చూసి అరుగుల మీద ఎవరూ లేవరు. నేను ఎవరు పిలిచినా పూర్తిగా తిరిగి మాట్లాడతాను.

జేజి పోయిన మరుసటి ఏడు గుర్రబ్బండి అమ్మినాం. ఆమీద వంక అవతలి చేలు. కళ్ళంలో పరిచిన నల్లబండలు లేపించి, కమలాపురంలో ఇల్లు కట్టుకుంటున్న ఒక వ్యాపారికి అమ్మినాం. రింగు, స్తంభం తనకు అక్కర్లేదని ఆయన వదిలేశాడు. వాటిని పాత ఇనుము కింద వేరేగా అమ్మినాం.